ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్ బిగించడానికి టెక్నీషియన్ వచ్చే ముందు చూసుకోవాల్సినవి

రౌటర్ ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకోండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వాళ్లకే వదిలేస్తే చాలాసార్లు వైరు లోపలికొచ్చిన మూలనే బిగించి వెళ్లిపోతారు, ఆ తర్వాత పడకగదిలో సిగ్నల్ అందక రోజూ అవస్థ. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో, పక్కనే ప్లగ్ పాయింట్ ఉన్న చోటు మంచిది. టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన వద్దు.

- అద్దె ఇల్లయితే గోడకు రంధ్రం వేసే ముందు ఓనర్‌ను అడగండి. డ్రిల్ పెట్టే చోట కరెంటు వైర్లు, నీళ్ల పైపులు లేవని చూసుకోండి. రంధ్రం బయటివైపుకు కొద్దిగా వాలుగా ఉంటే వాన నీళ్లు లోపలికి రావు.
- ఫైబర్ అంటే సన్నటి గాజు పోగు. తలుపు సందులో నలగనివ్వొద్దు. మూలల దగ్గర మడవకుండా గుండ్రంగా తిప్పమనండి.
- కోసిన గాజు ముక్కలు కంటికి ఆనవు, చర్మంలో గుచ్చుకుంటాయి. పిల్లల్ని దూరంగా ఉంచండి, ముక్కలన్నీ ఏరి తీసుకెళ్లమనండి. వైరు కొసలోకి మాత్రం చూడొద్దు, అందులో వచ్చే లేజర్ కాంతి కనిపించదు.
- కొత్తది సరిగ్గా పనిచేస్తోందని తేలేదాకా పాత కనెక్షన్ తీయించకండి.
- టెక్నీషియన్ ఉండగానే రౌటర్ నుంచి లాప్‌టాప్‌కు లాన్ కేబుల్ పెట్టి స్పీడ్ చూడండి. ఫైబర్ వైరు తగిలించే మోడెమ్ మీద, సిగ్నల్ రావట్లేదని చెప్పే ఎల్.ఓ.ఎస్. లైటు ఎర్రగా వెలుగుతుంటే పని పూర్తయినట్టు సంతకం పెట్టొద్దు.