ట్రౌట్, స్టీల్‌హెడ్ కోసం ఫ్లై ఫిషింగ్: ఏ కాలంలో ఏ నీటికి వెళ్లాలి?

సియాటిల్ చుట్టుపక్కల ఫ్లై ఫిషింగ్ కొత్తగా మొదలుపెట్టిన తెలుగువాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఏ ఫ్లై కట్టమంటారు?" నేను తిరిగి మూడు ప్రశ్నలు అడుగుతాను. నదిలో ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయి? మట్టం పెరుగుతోందా, తగ్గుతోందా? నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఫ్లై సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. దొరకకపోతే ఫ్లైలు, అంటే పురుగును పోలేలా ఈకలు, దారం చుట్టిన కొక్కేలు, పెట్టెనిండా ఉన్నా చేప ముట్టదు.

ఇక్కడ వాషింగ్టన్ రాష్ట్రంలోని రెండు నదులను ఉదాహరణగా తీసుకుంటున్నాను. కాస్కేడ్ పర్వతాలకు తూర్పున యాకిమా, పడమర స్కైకోమిష్. యాకిమా ట్రౌట్ నది. స్కైకోమిష్ స్టీల్‌హెడ్‌కు పేరున్న నది. రెయిన్‌బో ట్రౌట్, స్టీల్‌హెడ్ ఒకే జాతి చేపలు. నదిలోనే ఉండిపోతే రెయిన్‌బో, సముద్రానికి వెళ్లి పెరిగి గుడ్లు పెట్టడానికి తిరిగొస్తే స్టీల్‌హెడ్. గోదావరికి ఎదురీదే పులసను ఎరిగినవాళ్లకు ఈ చేప స్వభావం వేరే చెప్పనక్కరలేదు.

1. ముందు నిబంధనలు చూడండి

బయలుదేరే ముందురోజు రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖ వెబ్‌సైట్‌లో ఆ నది, ఆ భాగం తెరిచి ఉందో లేదో చూడాలి. సీజన్ మొదట్లో అచ్చయిన పుస్తకం ఒక్కటే సరిపోదు. చేపలు తక్కువగా తిరిగొచ్చిన ఏడాది అత్యవసర ఉత్తర్వులతో నదులు మూసేస్తారు. పదిహేనేళ్లు, ఆపైన వయసు ఉంటే లైసెన్సు తప్పనిసరి. దాని గడువు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు.

సియాటిల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయకు చెందిన స్టీల్‌హెడ్‌ను 2007లోనే ముప్పులో ఉన్న చేపగా ప్రకటించారు. అందుకే వీపు మీద తోకకు దగ్గరగా ఉండే చిన్న కొవ్వు రెక్కను ముందు చూడాలి. హేచరీలో పుట్టిన పిల్లలకు దాన్ని కత్తిరించి వదులుతారు. రెక్క చెక్కుచెదరకుండా ఉంటే అది అడవి చేప, వదిలిపెట్టాల్సిందే. వదలాల్సిన స్టీల్‌హెడ్‌ను నీటిలోంచి పూర్తిగా పైకెత్తడం కూడా ఈ రాష్ట్రంలో నేరం. ఫోటో కోసం గుండెలకు హత్తుకోవడం మానేయండి.

2. ప్రవాహం గ్రాఫు చూడండి

శ్రీశైలం, ప్రకాశం బ్యారేజీ వార్తలు చదువుతూ పెరిగిన మనకు క్యూసెక్కు కొత్త మాట కాదు. సెకనుకు ఒక ఘనపు అడుగు, అంటే సుమారు 28 లీటర్లు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ ఇక్కడి నదుల్లో అమర్చిన కొలమానాలు ఇదే లెక్కలో ప్రవాహాన్ని రోజంతా ఇంటర్నెట్‌లో చూపిస్తాయి. యాకిమాకు ఉమ్‌టానమ్ దగ్గర ఒకటి ఉంది, స్కైకోమిష్‌కు గోల్డ్ బార్ దగ్గర మరొకటి.

కొత్తవాళ్లు ఆ క్షణానికి ఉన్న అంకె చూసి ఆగిపోతారు. వారం రోజుల గీత చూడాలి. నిలకడగా ఉంటే మంచిది, మెల్లగా దిగుతుంటే ఇంకా మంచిది. నిటారుగా పైకి లేస్తుంటే ఇంట్లో ఉండటమే మేలు. నీరు పెరిగే వేళ ఆకులు, పుల్లలు, మట్టి కొట్టుకొస్తాయి, చేపలు నిలిచే చోట్లు మారిపోతాయి, నీటిలో దిగినవారికీ ప్రమాదమే. రాబోయే రోజుల్లో నది ఎటు పోతుందో పోర్ట్‌లాండ్‌లోని నార్త్‌వెస్ట్ రివర్ ఫోర్‌కాస్ట్ సెంటర్ అంచనాలు ఇస్తుంది. శనివారం వెళ్లాలనుకుంటే బుధవారం నుంచే ఆ గీతను గమనించండి.

3. థర్మామీటరు జేబులో ఉండాలి

అన్ని పరికరాల్లో చవకైనది ఇదే. చాలామంది కొననిదీ ఇదే. ట్రౌట్ చురుగ్గా తినేది నీరు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు. 5 డిగ్రీల లోపు దాని ఒంట్లో అన్నీ మందగిస్తాయి, నోటి ముందుకు వచ్చింది తప్ప దేని వెంటా పోదు. మరోవైపు నీరు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా ఇమిడే ప్రాణవాయువు, 20 డిగ్రీలకు 9 దగ్గరికి పడిపోతుంది. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఆ నీటిలో గాలానికి పడి పెనుగులాడిన చేప, మనం వదిలాక ఈదుకుంటూ వెళ్లినట్టే కనిపించి కాసేపటికి చచ్చిపోవచ్చు. నేను 19 డిగ్రీల దగ్గరే ఆపేస్తాను. 20 దాటితే ఎవరూ ట్రౌట్ వేట చేయకూడదని నా గట్టి అభిప్రాయం. పడమటి రాష్ట్రాల్లో కొన్ని వేసవుల్లో మధ్యాహ్నం 2 గంటల తర్వాత వేట నిషేధించేది ఇందుకే.

4. యాకిమా: పురుగుల పంచాంగం

బెల్‌వ్యూ నుంచి స్నోక్వాల్మీ కనుమ దాటితే గంటన్నరలోపు క్లి ఎలమ్. అక్కడి నుంచి ఎలెన్స్‌బర్గ్ మీదుగా లోయలోకి, రోజా ఆనకట్ట దాకా ఈ నది ఏడాది పొడవునా ట్రౌట్ వేటకు తెరిచి ఉంటుంది. పట్టిన ట్రౌట్‌నల్లా వదిలేయాలి. సహజమైన ఎర వాడకూడదు. కొక్కెం ఒకటే మొనతో, వెనక్కి తిరిగిన ముల్లు లేకుండా ఉండాలి.

చలికాలంలో, డిసెంబరు నుంచి ఫిబ్రవరి నడిమి దాకా, లోతైన నెమ్మది నీటికే వెళ్లండి. చిన్న మిడ్జ్ పురుగును పోలిన నింఫ్‌లను, అంటే నీటిలో మునిగే ఫ్లైలను, అడుగుకు దగ్గరగా తేల్చాలి. తెల్లవారుజామున లేవనక్కరలేదు. 12 నుంచి 3 వరకు, నీరు ఒక డిగ్రీ వేడెక్కే వేళ చాలు.

ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా స్క్వాలా అనే స్టోన్‌ఫ్లై కాలం. ఏడాదిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజులివి. చలికి ముడుచుకున్న పెద్ద చేపలు మొదటిసారి పైకి చూసేది ఈ పురుగు కోసమే. నీరు సుమారు 6 డిగ్రీలకు చేరగానే దీని పిల్లలు గులకరాళ్ల మీదుగా ఒడ్డుకు పాకుతాయి. ఒడ్డున రెక్కలు విప్పుకున్న ఆడ పురుగులు మధ్యాహ్నం తిరిగి నీటి మీదికి వచ్చి గుడ్లు విడుస్తాయి. కాబట్టి ఉదయం నింఫ్, మధ్యాహ్నం డ్రై ఫ్లై, అంటే నీటిపై తేలే రకం. 8 లేదా 10 సైజు చాలు. ఒడ్డుకు రెండు మూడు అడుగుల దూరంలో, పొదల నీడ పడే నెమ్మది నీటిలో వేయండి. మార్చి చివర నుంచి మార్చ్ బ్రౌన్ అనే మేఫ్లై కూడా మధ్యాహ్నాలు తోడవుతుంది.

మే నెలలో మంచు కరుగుతుంది. క్లి ఎలమ్‌కు కొంచెం దిగువన కలిసే టీనవే నదికి ఆనకట్ట లేదు, అందుకే వేడి రోజుల్లో దాని బురదంతా యాకిమాలోకి వస్తుంది. సంగమానికి ఎగువకు వెళ్లండి, చాలాసార్లు అక్కడ నీరు తేటగా ఉంటుంది. ఎలెన్స్‌బర్గ్ దిగువన విల్సన్ వాగు కలిసే చోట కూడా ఇదే సూత్రం. నది మొత్తం చెడిపోయిందని వెనుదిరిగే ముందు, కలక నీరు ఏ ఉపనది నుంచి వస్తోందో మ్యాపు తీసి చూడాలి.

ఇక వేసవి. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. వానలు లేని జులైలో నది నిండుగా ఎందుకు పారుతుంది? కీచలస్, కచెస్, క్లి ఎలమ్ జలాశయాల నుంచి దిగువ లోయ తోటలకు, పొలాలకు నీరు వదులుతారు కాబట్టి. లోయలో ప్రవాహం 3,000 క్యూసెక్కులు దాటుతుంది. నడిచి దిగడం కష్టం, పడవ కావాలి. చేపలు ఒడ్డును అంటిపెట్టుకుని ఉంటాయి. మిడతను పోలిన పెద్ద ఫ్లైను గడ్డి అంచుకు జానెడు దూరంలో వేయండి. సాయంత్రం చీకటి పడే ముందు కాడిస్ పురుగులు లేస్తాయి.

సెప్టెంబరు మొదట్లో దృశ్యం మారిపోతుంది. అధికారులు పై జలాశయాల విడుదల తగ్గించి, దిగువ లోయకు కావలసిన నీటిని నాచెస్ అనే ఉపనది వైపున్న రిమ్‌రాక్ జలాశయం నుంచి ఇస్తారు. స్థానికులు దీన్ని ఫ్లిప్-ఫ్లాప్ అంటారు. కారణం చినూక్ సాల్మన్. నిండు నదిలో అవి ఒడ్డు పక్కన గుడ్లు పెడితే, చలికాలంలో నీరు తగ్గగానే ఆ గుడ్లు ఎండిపోతాయి. ముందే మట్టం తగ్గిస్తే నడి పాయలో పెడతాయి. వ్యవసాయానికి, చేపకు మధ్య కుదిరిన ఈ ఏర్పాటు నాకెంతో గౌరవం కలిగిస్తుంది. మనకు దక్కే లాభం, నడిచి దిగగలిగే నది. అక్టోబరు వరకు మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో బ్లూ వింగ్డ్ ఆలివ్ అనే చిన్న మేఫ్లై, ముదురు నారింజ రంగు అక్టోబర్ కాడిస్ బాగా పనిచేస్తాయి. అడుగున చుట్టుపక్కల కంటే తెల్లగా, శుభ్రంగా కనిపించే గులకరాళ్ల మెత్తలు సాల్మన్ గూళ్లు. వాటి మీద కాలు పెట్టవద్దు. రెయిన్‌బో గుడ్లు పెట్టే వసంతంలోనూ అంతే.

5. స్కైకోమిష్: వాన వెలిసిన తర్వాత

శీతాకాలపు స్టీల్‌హెడ్ నవంబరు నుంచి వసంతం దాకా నదిలోకి వస్తాయి, వేసవి రకం మే నుంచి. సీజన్ ఎప్పుడు తెరిచి, ఎప్పుడు మూస్తారన్నది మాత్రం ఏటా చూసుకోవలసిందే.

ఇది ఆనకట్ట అదుపులో లేని నది, ఒక్క రాత్రి వానకు ఎన్నో రెట్లు ఉప్పొంగుతుంది. వాన ఎంత పడుతుందన్నదానితో పాటు, ఎంత ఎత్తు వరకు మంచుగా కాక వానగా పడుతుందన్నదీ చూడాలి. నది పుట్టే కొండల్లో స్టీవెన్స్ కనుమ ఎత్తు 4,061 అడుగులు. గడ్డకట్టే మట్టం, అంటే గాలి సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు, 3,000 అడుగుల దగ్గరుంటే పైన మంచు పేరుకుంటుంది, నది పెద్దగా కదలదు. 7,000 అడుగులకు లేస్తే వాన మంచును కూడా కరిగించుకుని దిగుతుంది. ఆ వారం మరిచిపోండి.

వరద తగ్గుముఖం పట్టాక నీళ్లు గోధుమ రంగు నుంచి లేత ఆకుపచ్చకు మారతాయి. ఆ ఆకుపచ్చ రోజులే అసలైన రోజులు. సముద్రం నుంచి కొత్త చేపలు పైకి కదులుతుంటాయి, నీటిలో కొద్దిపాటి కలక ఉంటుంది కాబట్టి బెదరవు. మోకాలి లోతులో నిలబడి కిందికి చూడండి. బూట్ల కొసలు కనిపిస్తే వేట మొదలుపెట్టవచ్చు, కనిపించకపోతే ఇంకో రోజు ఆగాలి.

మనిషి నడిచేంత వేగంతో, మూడు నుంచి ఆరు అడుగుల లోతున, గుండ్రాళ్లు పరుచుకున్న నీటిని వెతకండి. అటు ఒడ్డువైపు ఏటవాలుగా దిగువకు వేసి, లైనును ఎగువకు మడిచి, ఫ్లై మెల్లగా నది అడ్డంగా మీ ఒడ్డుకు చేరేదాకా ఆగండి. రెండడుగులు దిగువకు నడిచి మళ్లీ వేయండి. చలికాలంలో మునిగే కొస ఉన్న లైను, వేసవిలో తేలే లైను. కలక నీటికి నలుపు, ఊదా రంగు పెద్ద ఫ్లై, తేట నీటికి చిన్నది. నీరు 4 డిగ్రీల లోపుంటే ఇంకా నెమ్మదిగా, ఇంకా లోతుగా. ఒకే చోట గంట నిలబడకండి. చేప ఉన్న చోటుకు మీ ఫ్లై వెళ్లాలంటే కాళ్లు కదలాలి.

నీటిలో దిగేటప్పుడు నడుము బెల్టు బిగించి, ఊతకర్ర పట్టుకోండి. ఒడ్డున నీరు తాకుతున్న ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. అది మునుగుతుంటే వెంటనే బయటికి వచ్చేయాలి.

6. నదులు రెండూ కుదరని రోజున చెరువు

స్కైకోమిష్ పొంగి, యాకిమాకు పోయే కనుమ మంచుతో మూసుకుపోయిన రోజులు చలికాలంలో తప్పవు. ఫిడాల్గో దీవిలోని పాస్ లేక్ అలాంటప్పుడు ఆదుకుంటుంది. ఏడాదంతా తెరిచి ఉంటుంది, ఫ్లై తప్ప మరోటి వాడకూడదు, పట్టిన చేపను వదిలేయాలి.

చెరువులో ప్రవాహం ఉండదు కాబట్టి వేడి లెక్కే సర్వస్వం. నీరు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. మంచు కట్టే తూర్పు వైపు చెరువుల్లో, మంచు విడిచాక పై నీరు ఆ వేడికి చేరగానే పైదీ కిందదీ గాలికి కలిసిపోతాయి. అడుగు మట్టి కూడా లేచి కొన్నాళ్లు వేట మందగిస్తుంది. నీరు తేటపడి 8 నుంచి 10 డిగ్రీలకు వచ్చాక కైరోనమిడ్ పురుగుల కాలం. ఫ్లైను తేలుడు బుడగ కింద వేలాడదీసి, చెరువు నేలకు ఒక అడుగు పైన నిలపండి. లోతు తెలియకపోతే లైను కొసకు చిన్న బరువు తగిలించి ముందు కొలవండి. నడి వేసవిలో పై పొర వేడెక్కి, కింది పొరలో ఆక్సిజన్ తగ్గి, ట్రౌట్ రెండింటి మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు దాని జోలికి పోకండి. సెప్టెంబరు చివర రాత్రులు చల్లబడ్డాక రండి. జలగను పోలిన నల్ల ఫ్లై కట్టి, పడవ నుంచి ఒడ్డువైపు వేసి, వేళ్లతో అంగుళం అంగుళం లాగుతూ ఉండండి.