గ్లూటెన్ మానేసి బరువు తగ్గాలంటే ఏం చేయాలి?

గోధుమ, బార్లీ, రై (గోధుమలాంటి ఒక ధాన్యం) గింజల్లో ఉండే ప్రోటీన్ గ్లూటెన్. చపాతీ ముద్ద సాగేది దానివల్లే. అది ఒంట్లో కొవ్వు పెంచే పదార్థం కాదు కాబట్టి, మానేసినంత మాత్రాన బరువు తగ్గదు. నేను గోధుమ మానేసిన మొదటి రెండు నెలల్లో రెండు కిలోలు పెరిగాను. రాత్రి రెండు చపాతీలు తినే చోట కంచం నిండా అన్నం పెట్టుకున్నాను. పైగా గ్లూటెన్ లేదని రాసిన బిస్కెట్లు తెచ్చుకున్నాను, వాటిలో చక్కెర, నూనె దండిగా ఉన్నాయి. ఆ తర్వాత మార్చుకున్న పద్ధతి ఇది.

1. ముందు రక్తపరీక్ష

గోధుమ తిన్నప్పుడల్లా కడుపు ఉబ్బరం, విరేచనాలు, మందులు వాడినా తగ్గని రక్తహీనత ఉంటే సీలియాక్ జబ్బు (గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు) ఉందేమో చూడాలి. డాక్టరుకు చెప్పి టీటీజీ-ఐజీఏ పరీక్ష చేయించుకోండి. ఇది గోధుమ తింటున్న రోజుల్లోనే చేయించాలి. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు. దయచేసి ఈ పని దాటేయకండి. షుగరుకు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి మార్చే ముందు మోతాదు గురించి కూడా అడగాలి.

2. గోధుమ దాక్కున్న చోట్లు

పూరీ, పరోటా, బ్రెడ్ అందరికీ తెలుసు. బొంబాయి రవ్వ, సేమియా కూడా మామూలుగా గోధుమవే. పెసరట్టు తినొచ్చు, లోపల పెట్టే ఉప్మా వద్దు. ఇడ్లీ రవ్వ బియ్యపుదే. డబ్బా ఇంగువలో చాలావాటికి మైదా గానీ గోధుమపిండి గానీ కలుపుతారు. సోయా సాస్‌లో గోధుమ, పాలలో కలుపుకునే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటాయి. మన మాడుగుల హల్వా గోధుమపాలతో చేసేదే, నాకు అన్నిటికన్నా కష్టమైంది అది మానడమే.

సీలియాక్ ఉన్నవాళ్లకు ఇంకా పట్టింపు కావాలి. గోధుమలు ఆడిన మరలోనే చోళ్లు (రాగులు) ఆడిస్తే ఆ పిండి పనికిరాదు. ఇంట్లో మిక్సీలో పట్టుకోవడం మేలు. జల్లెడ, అప్పడాల పీట వేరే ఉంచుకోవాలి. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన ఆహార భద్రతా సంస్థ నియమం.

3. బదులుగా ఏం తినాలి

మనకు కొత్తగా కొనాల్సిందేమీ లేదు. అరకు, పాడేరు వైపు పండే చోళ్లు, సామలు ఉన్నాయి, గంటెలు (సజ్జలు) ఉన్నాయి. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

మా అమ్మ చేసే చోడంబలి ఇలా: ఇద్దరికి నాలుగు చెంచాల పిండిని గ్లాసు నీళ్లలో కలిపి రాత్రంతా పులియనివ్వాలి. పొద్దున్న రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, ఈ పిండినీళ్లు పోస్తూ ఉండ కట్టకుండా కలిపి, పచ్చివాసన పోయేదాకా సన్న సెగన ఉడికించాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. ఇది తాగితే నాకు పదకొండు దాకా ఆకలి వేయదు.

కొర్రలైతే కడిగి ఆరు గంటలు నానబెట్టి, కప్పుకు రెండున్నర కప్పుల నీళ్లు పోసి వండండి.

4. కంచంలో కొలత

బరువు తగ్గేది ఇక్కడే. వంద గ్రాముల బియ్యంలోనైనా, చోళ్లలోనైనా కేలరీలు 320 నుంచి 360 మధ్యే. చిరుధాన్యం కదా అని ఎక్కువ తింటే లాభం లేదు. సగం కంచం కూరలు, పావు కంచం పప్పు గానీ చేప గానీ, మిగిలిన పావే అన్నం. కానాగడతలు, నెత్తళ్లు వేపుడు కాకుండా పులుసు పెట్టుకోండి. కూరగాయలు నేను వారానికోసారి మా విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారులో తెచ్చుకుంటాను, ఇంట్లో ఉంటేనే వండబుద్ధవుతుంది.

5. బీచ్ దగ్గర

మిరపకాయ బజ్జీ శనగపిండిదే అయినా నూనె తాగి ఉంటుంది. మురీ మిక్చర్ ఒక పొట్లం చాలు, అందులో మైదా కారాలు వేయొద్దని చెప్పండి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు, అప్పుడు నలభై నిమిషాలు వేగంగా నడవండి.

6. లెక్క రాసుకోవడం

వారానికోసారి, ఒకే రోజు, పొద్దున్నే పరగడుపున బరువు చూసుకోండి. వారానికి అర కిలో తగ్గితే సరిపోతుంది. నడుము కూడా టేపుతో కొలవండి: మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. నెల దాటినా ఏమీ కదలకపోతే మూడు రోజులు తిన్నదంతా రాయండి, చెంచా నూనెతో సహా. నా పుస్తకంలో దొరికింది రోజుకు నాలుగు కప్పుల టీలో పడే ఎనిమిది చెంచాల పంచదార.