పిండాభివృద్ధి శాస్త్రంలో పరిశోధన వైపు వెళ్లాలంటే

హనుమకొండలోనో వరంగల్‌లోనో జంతుశాస్త్రం చదువుతూ, ఒక్క కణం నుంచి గుండె, కళ్లు, రెక్కలు ఎలా ఏర్పడతాయో తేల్చే పరిశోధనలోకి వెళ్లాలనుకునేవారు దరఖాస్తుల కంటే ముందు కంటికి పని చెప్పాలి. జీవమున్న పిండాన్ని ఒక్కసారైనా చూడకుండానే చాలామంది పట్టా పుచ్చుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

దీనికి పుంజుతో కలిసి తిరిగే నాటుకోడి గుడ్లు కావాలి. కిరాణా కొట్లో అమ్మే ఫారం గుడ్లు పుంజు లేని పెట్టలవి కనుక వాటిలో పిండం ఉండదు. అధ్యాపకుల పర్యవేక్షణలో గుడ్డును అడ్డంగా పెట్టి, పైన పెన్సిలుతో గుర్తు వేసి, ఇంక్యుబేటర్‌లో సుమారు 38 డిగ్రీల సెల్సియస్ వద్ద, తేమ కోసం గిన్నెలో నీళ్లుంచి, 48 గంటలు పొదగనివ్వాలి. తర్వాత మొద్దు కొన వైపు నుంచి సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన తీస్తే పిండం పెంకును వదిలి కిందికి దిగుతుంది. అప్పుడు గుర్తున్న చోట చిన్న కిటికీలా పెంకు కత్తిరించాలి. పచ్చసొన మీద ఎర్రని సన్నని రక్తనాళాలు, వాటి నడుమ ఆవగింజంత గుండె కొట్టుకోవడం కంటికే కనబడతాయి. చల్లబడితే ఆ వేగం మందగిస్తుంది కాబట్టి గోరువెచ్చని సెలైన్ చుక్కలు వేస్తూ ఉండాలి.

24, 33, 48, 72 గంటల గుడ్లను వరుసగా చూసి, నాడీనాళానికి (తర్వాత మెదడు, వెన్నుపాముగా మారే గొట్టానికి) ఇరుపక్కలా ఏర్పడే సోమైట్ల (వెన్నుపూసలు, కండరాలుగా ఎదిగే చిన్న దిమ్మెల) జతలను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టి, 1951లో హాంబర్గర్, హామిల్టన్ ప్రచురించిన 46 దశల పట్టికతో పోల్చి బొమ్మ గీసుకోవాలి. ఒకేసారి పొదిగించిన గుడ్లు కూడా ఒకే వేగంతో ఎదగవు, అందుచేత గంటల కంటే సోమైట్ల లెక్కనే నమ్మాలి. ఇలా నింపిన నోటుబుక్కు ఇంటర్వ్యూలో బట్టీ పట్టిన జవాబుల కంటే బలంగా నిలుస్తుందని నా నమ్మకం.

పరిశోధన ఫెలోషిప్‌కు, అధ్యాపక అర్హతకు జాతీయ స్థాయిలో జరిగే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో ఐదో యూనిట్ ఈ శాస్త్రమే. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే ఫెలోషిప్‌తో పీహెచ్‌డీకి చేరవచ్చు. మనకు దగ్గరిది హైదరాబాద్ హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం). బెంగళూరులో ఎన్‌సీబీఎస్ (జాతీయ జీవశాస్త్రాల కేంద్రం), పుణెలో ఐసర్ (సైన్స్ విద్య, పరిశోధన సంస్థ) ఉన్నాయి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు వేసవి రావడానికి చాలా ముందే దరఖాస్తు చేయాలి.

పీహెచ్‌డీకి సాధారణంగా ఐదేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగానికి) మరికొంత కాలం పడతాయని, శాశ్వత అధ్యాపక పోస్టులు తక్కువని ఇంట్లో అమ్మానాన్నలకు ముందే వివరంగా చెప్పాలి. ఐవీఎఫ్ కేంద్రాల్లో ఎంబ్రియాలజిస్టు ఉద్యోగం కూడా గౌరవమైనదే, అయితే దానికి క్లినికల్ ఎంబ్రియాలజీలో ప్రత్యేక శిక్షణ పొందాలి.