పక్షవాతం వచ్చిన చేతికి మళ్ళీ పని నేర్పే విధానం

పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన మనిషికి చేయి లేవకపోతే, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇంటివారు ముందుగా చేసేది నూనె రాసి మర్దన చేయడం, ఆ చేతిని తామే పట్టుకుని పైకీ కిందికీ ఆడించడం. కీళ్ళు బిగుసుకుపోకుండా నెమ్మదిగా కదిలించడం అవసరమే, దానిని మానకూడదు. కానీ దెబ్బతిన్నది చేయి కాదు, ఆ చేతిని నడిపే మెదడు భాగం. దానికి సాధన కావాలంటే కదలికను రోగి తానే తలపెట్టాలి, తానే ప్రయత్నించాలి. ఇంటివారు గుర్తుంచుకోవలసిన మొదటి విషయం ఇదే.

ఎదురుగా ఉన్న చోడి అంబలి గ్లాసును అందుకోవడానికి మెదడు ఎంత పని చేస్తుందో చూద్దాం. గ్లాసు ఎక్కడ ఉంది, చేయి ఎక్కడ ఉంది అనే లెక్కను మెదడు పైపొరలో నడినెత్తికి వెనుకగా ఉండే పెరైటల్ భాగం చూసుకుంటుంది. గ్లాసు లావును బట్టి వేళ్ళు ఎంత తెరుచుకోవాలో ప్రీమోటార్ ప్రాంతం, చేయి చాచడం, పట్టుకోవడం, ఎత్తడం ఏ వరుసలో జరగాలో దాని పక్కనున్న సప్లిమెంటరీ మోటార్ ప్రాంతం సిద్ధం చేస్తాయి. ఆ తరువాతే మోటార్ కార్టెక్స్ నుంచి ఆజ్ఞ బయలుదేరుతుంది. మెదడు అడుగున ఎక్కువ నరాల పోగులు అటువి ఇటు దాటి, వెన్నుపాము గుండా కండరాలను చేరతాయి. ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చేయి పడిపోవడానికి కారణం ఇదే. వేలు కదలడానికి సుమారు ఒక సెకను ముందే మెదడులో ఈ సన్నాహం మొదలవుతుందని కార్న్‌హూబర్, డీకె అనే జర్మనీ శాస్త్రవేత్తలు 1965లో విద్యుత్ సంకేతాలను కొలిచి చూపించారు.

అందువల్ల రోగికి చెప్పే మాటను మార్చుకోవాలి. కోడలు మామగారి ఎదుట కూర్చుని "చెయ్యి ఎత్తండి మావయ్యా" అన్నప్పుడు ఆయన భుజం బిగబట్టి, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి, మోచేతిని కొద్దిగా మాత్రమే లేపగలుగుతారు. అదే గ్లాసును బల్ల మీద పెట్టి "మావయ్యా, ఆ గ్లాసు అందుకోండి" అంటే, గురి కంటికి కనబడుతుంది కనుక చాలామందిలో చేయి మరింత సాఫీగా ముందుకు సాగుతుంది. కండరం పేరు చెప్పకుండా పని పేరు చెప్పడమే మంచి పద్ధతి.

సాధన ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యులే నిర్ణయించాలి. మొదటి 24 గంటల్లోనే రోగిని లేపి ఎక్కువగా నడిపించడం మేలు చేయలేదని 2015లో వెలువడిన అవర్ట్ అనే పరిశోధనలో తేలింది. అనుమతి వచ్చాక, వీపుకు ఆనిక ఉన్న కుర్చీలో పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కూర్చోబెట్టి, మోచేయి ఆనేంత ఎత్తులో బల్ల వేయాలి. గ్లాసులో అడుగున కొద్దిగా నీళ్ళు పోసి, చేతికి అందీ అందనంత దూరంలో ఉంచాలి. రోగి ముందు దానిని చూడాలి, ఎలా పట్టుకోవాలో మనసులో అనుకోవాలి, ఆపైన చేయి చాచాలి. నడుము ముందుకు వాలిపోతుంటే గ్లాసును దగ్గరికి జరపాలి. వేళ్ళు పిడికిలిలా బిగుసుకుంటే ఆపి, చేయి వదులయ్యాక మళ్ళీ మొదలుపెట్టాలి. ఎంత ఆలస్యమైనా ఇంటివారు గ్లాసు అందించేయకూడదు.

వేళ్ళు కాస్త తెరుచుకుంటున్నవారికి నిమ్మకాయతో ప్రారంభించి, చింతపిక్కకూ జీడిపప్పుకూ రావాలి: ఒక పళ్ళెంలోంచి తీసి గిన్నెలో వేయడమే పని. పలాసలో జీడిపప్పు ఏరిన మహిళకూ, పొందూరులో రాట్నం తిప్పిన మహిళకూ వారి పాత పనినే సాధనగా ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేత్తో పోగు లాగడంలో రెండు చేతులూ ఒకదానికొకటి తోడై పని చేయాలి. ఆమెకు ఆ పని మీద ఉండే ఆసక్తి రబ్బరు బంతిని నొక్కడం మీద ఉండదు.

రోజూ ఎన్నోసార్లు చేస్తేనే ఫలితం ఉంటుంది, ఎందుకంటే మెదడులో ఏ చోటు ఏ అవయవాన్ని నడపాలనే పటం వాడకాన్ని బట్టి మారుతుంది. మెదడులో చేతిని నడిపే ప్రాంతం కొంత దెబ్బతిన్న కోతులకు చిన్న గుంటల్లోంచి మేత తీయడం మళ్ళీ నేర్పినప్పుడు, ఆ ప్రాంతంలో మిగిలిన భాగం నిలిచిందని నూడో అనే శాస్త్రవేత్త బృందం 1996లో ప్రకటించింది. సాధన లేని కోతుల్లో అది మరింత కుంచించుకుపోయింది.

బాగున్న చేతిని వాడకుండా దానికి తొడుగు వేసి, పడిపోయిన చేతితోనే పని చేయించే పద్ధతి ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త పరిశోధనల నుంచి వచ్చింది. మణికట్టు, వేళ్ళు కొంతైనా వెనక్కి చాచగలిగినవారికే ఇది తగినది. ఇంట్లో ఫిజియోథెరపిస్టు సలహాతో, కూర్చున్నప్పుడు మాత్రమే చేయించాలి. నడిచేటప్పుడు ఆ తొడుగు ఉంటే, పడిపోబోయిన మనిషికి పట్టుకునే చేయి ఉండదు.

చేయి అసలే కదలనివారు రెండు చేతుల మధ్య అద్దం నిలబెట్టి, బాగున్న చేతి ప్రతిబింబాన్ని చూస్తూ రెండు చేతులతోనూ ఒకే కదలికకు ప్రయత్నించవచ్చు. కదలికను మనసులో ఊహించుకున్నా ప్రీమోటార్, సప్లిమెంటరీ ప్రాంతాలు పని చేస్తాయి కనుక ఆ సమయం వృథా కాదు.

రోగిని లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగడం గానీ, చంకలో చేయి వేసి ఎత్తడం గానీ చేయకూడదు. పట్టు లేని భుజం కీలు జారి, ఆ నొప్పి వల్ల సాధనే ఆగిపోతుంది. సాధన జరిగే రోజుల్లో మూతి వంకర పోయినా, మాట తడబడినా, చేయి కొత్తగా బలహీనపడినా నాటుమందు కోసం తిరగకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే, అదీ సీటీ స్కాన్ చూశాకే ఇస్తారు కనుక, లక్షణం కనబడిన సమయాన్ని గుర్తుపెట్టుకుని ఆసుపత్రిలో చెప్పాలి.