ఆర్600ఏ ఫ్రిజ్‌కు టార్చ్ పెట్టే ముందు

రిపేరులో ఫ్రిజ్ అంటుకుని మెకానిక్ కాలిపోతే 'కంప్రెసర్ పేలింది' అంటారు. అడగాల్సింది మాత్రం ఒక్కటే: గ్యాస్ లోపల ఉండగానే టార్చ్ (పైపులు అతికే గ్యాస్ మంట) పెట్టారా? నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ దుకాణాల ముందు మార్చి దాటగానే ఫ్రిజ్‌లు వరుస కడతాయి. ఆ తొందరలోనే ఈ తప్పు చేస్తారు.

ఆర్600ఏ అంటే ఐసోబ్యూటేన్, ఫ్రిజ్‌ను చల్లబరిచే గ్యాస్. మామూలు బ్యూటేన్‌లో ఉన్న కార్బన్లూ హైడ్రోజన్లే, కాకపోతే గొలుసుకు కొమ్మ ఉంటుంది. అందుకే అది దాదాపు సున్నా డిగ్రీల దగ్గర మరిగితే, ఇది మైనస్ 12 దగ్గరే మరుగుతుంది. గాలి కంటే రెండింతలు బరువు, నేలమీదే పరుచుకుంటుంది. వంట గ్యాస్‌లో కలిపే వాసన దీనిలో ఉండదు, లీకైతే ముక్కుకు తెలియదు. 60 గ్రాములు బయటికొస్తే సుమారు 25 లీటర్ల ఆవిరి. గాలిలో 1.8 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది.

గ్యాస్ వదలడానికి వాల్వ్ తిప్పాక సుయ్యిమనే చప్పుడు ఆగితే గ్యాస్ అయిపోయిందనుకుంటారు. అయిపోలేదు. కొంత కంప్రెసర్ నూనెలో కరిగి ఉంటుంది, మెల్లగా లేస్తూనే ఉంటుంది. క్యాపిలరీ (గ్యాస్ వెళ్లే సన్నని గొట్టం) చోక్ అయితే ఇంకా ప్రమాదం: చార్జింగ్ పైపు (గ్యాస్ ఎక్కించేది) ఖాళీగా కనిపిస్తుంది, కండెన్సర్ (వేడిని బయటికి వదిలే గొట్టాలు) వైపు గ్యాస్ అలాగే ఉంటుంది. కాబట్టి పియర్సింగ్ వాల్వ్ (పైపుకు బిగించి రంధ్రం చేసేది) రెండు చోట్ల వేయాలి, చార్జింగ్ పైపుకూ ఫిల్టర్ దగ్గరా. పొడవాటి గొట్టంతో గ్యాస్‌ను ఆరుబయటికి, పొయ్యికీ మోటారుకూ మురికి కాలువకూ దూరంగా వదలాలి. తర్వాత పంపుతో వ్యాక్యూమ్ చేయాలి, ఆపైన నైట్రోజన్ తోలాలి. పంపు వదిలే గాలి కూడా బయటికే పోవాలి.

అప్పుడు కూడా పాత జాయింటును టార్చ్‌తో ఊడదీయకండి. ట్యూబ్ కట్టర్‌తో కోయండి. లోపల గ్యాస్ ఉండగా టార్చ్ వద్దు.

షట్టర్ సగం దించి పని చేయకండి. ఏసీ కోసం తలుపులు మూయకండి. పక్కన బీడీ, అగరుబత్తి ఉండకూడదు. ప్లగ్గు ముందే, గ్యాస్ వదలకముందే పీకండి. లీక్ చూడటానికి నైట్రోజన్, సబ్బు నీళ్లు. ఆక్సిజన్ ఎప్పుడూ కాదు, నూనెతో కలిసి పేలుతుంది. రెగ్యులేటర్ లేకుండా నైట్రోజన్ పెట్టకండి. గ్యాస్ తూకం వేసి ఎక్కించండి: లేబుల్‌పై 45 గ్రాములుంటే 45 గ్రాములే. 134ఏ అనే మరో ఫ్రిజ్ గ్యాస్‌లాగా గేజీ (ప్రెషర్ మీటరు) చూసి పట్టారో, ఎక్కువే పడుతుంది. వంట సిలిండర్ గ్యాస్ ఎక్కించకండి. స్పార్క్ వచ్చే పాత రిలే (కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే స్విచ్) బిగించకండి. కస్టమర్ ఎంత తొందరపెట్టినా గ్యాస్ ఉన్న పైపుకు టార్చ్ చూపించకండి.