పాత నాటకం, కొత్త తెర – నాలుగో పాఠం: బేరం సీను

కిందటి పాఠంలో ‘వరవిక్రయం’ నాటకాన్ని ఈ కాలపు సినిమా కోసం వన్‌లైన్ ఆర్డర్‌గా, అంటే సీనుకో వాక్యం చొప్పున వరసగా, రాసుకోమన్నాను. రాసినవాళ్లకు ఈపాటికి తట్టే ఉంటుంది, కథ బరువంతా ఒక్క సీను మీదే ఉందని. అదే కట్నం బేరం. ఈ పాఠం మొత్తం దాని గురించే.

ఇప్పుడే మొదలుపెట్టినవాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. కాళ్లకూరి నారాయణరావుగారు సుమారు వందేళ్ల కిందట రాసిన నాటకం ఇది. పురుషోత్తమరావుకు ఇద్దరు కూతుళ్లు, కాళింది, కమల. వరుడు బసవరాజు తరఫున పిసినారి సింగరాజు లింగరాజు కట్నం బేరం పెడతాడు. మధ్యవర్తి పెళ్లిళ్ల పేరయ్య. తండ్రి చితికిపోవడం చూడలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. లింగరాజు మాత్రం పుచ్చుకున్న డబ్బు వదలడు. తర్వాత అదే వరుణ్ణి చేసుకున్న కమల, డబ్బు పోసి కొన్న మొగుడు కొన్నవాళ్ల సొత్తేనన్న తర్కంతో వాళ్లను కోర్టులో నిలబెడుతుంది.

మొన్న విజయవాడ గాంధీనగర్‌లో హనుమంతరాయ గ్రంథాలయం దగ్గర ఒకబ్బాయి పట్టుకుని, ‘సార్, ఈ నాటకం తీయాలంటే ఎవరి పర్మిషన్ తీసుకోవాలి?’ అనడిగాడు. రచయిత పోయాక అరవై ఏళ్లకు మన దేశంలో కాపీరైట్ తీరిపోతుంది. కాళ్లకూరివారు పోయింది 1927లో. కాబట్టి ధైర్యంగా తీసుకోవచ్చు.

ఇక పాఠంలోకి వద్దాం. ముందు నేను చెడగొట్టిన సంగతి చెప్పాలి. మొదటిసారి ఈ సీను రాసినప్పుడు లింగరాజుకు స్మార్ట్‌ఫోన్ ఇచ్చాను, బసవరాజును అమెరికా పంపాను, కాళిందికి జీన్స్ తొడిగాను. మాటలు మాత్రం నాటకంలోవే, కాస్త ఇంగ్లీషు చల్లాను. సత్యనారాయణపురంలో ఒక మిత్రుడి డాబా మీద పదిమంది కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఇంటర్ చదివే అమ్మాయొకతి మొహమాటపడకుండా చెప్పింది: ‘అంకుల్, వీళ్లు ఫోన్లు పట్టుకున్న తాతయ్యల్లా ఉన్నారు. మా ఇళ్లలో ఎవరూ ఇలా అడగరు.’

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ‘ఇలా అడగరు’ అంది కానీ ‘అడగరు’ అనలేదు. ఆ తేడాలోనే మనక్కావలసిన సీనుంది.

కాళ్లకూరివారి కాలంలో కట్నం అడగడం నేరం కాదు. లింగరాజు నడింట్లో కూర్చుని అంకె చెప్పగలడు, రూపాయి దగ్గర పట్టుబట్టగలడు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఇప్పుడు అడగడమూ నేరమే. ఇచ్చినా, పుచ్చుకున్నా చట్టం చెప్పే కనీస శిక్ష అయిదేళ్ల జైలు. దీంతో బేరం పోలేదు, దాని గొంతు మాత్రం పడిపోయింది. ‘మాకేం వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం’ అనే మాటలో దూరింది. కానూరులో సైటు పేరు పెట్టుకుంది, ‘పెద్దమ్మాయికి ఎంత పెట్టారేంటి?’ అనే కుశలప్రశ్నలో కూర్చుంది.

నాటకానికి ఇది కష్టమే. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఆఖరి వరుసలో కూర్చున్నాయనకు గుసగుస వినపడదు, రంగం మీద లోభం గొంతెత్తి మాట్లాడాల్సిందే. సినిమాకు మాత్రం ఇది వరం. పెదవి చివర కదలిక చాలు, కెమెరా పట్టుకుంటుంది. నాటకంలో చెవికి వినపడ్డ అంకెను సినిమాలో ఎవరి నోటా పలికించకండి. అది ఎక్కడ దాక్కుందో చూపించండి. పాత నాటకాన్ని ఈ కాలానికి తెచ్చేటప్పుడు నేను ముందు వెతికేది ఇదే: అప్పుడు బాహాటంగా జరిగిన ఏ పని ఇప్పుడు గుట్టుగా జరుగుతోంది? బట్టలూ ఫోన్లూ తర్వాత ఎలాగూ వస్తాయి.

రెండోసారి రాసిన సీను ఇది.

సీన్ 7. పురుషోత్తమరావు ఫ్లాట్. పగలు.

హాల్లో పళ్లేలు, కాఫీలు. లింగరాజు మిక్చర్‌లోంచి జీడిపప్పులు మాత్రం ఏరుకుంటున్నాడు.

లింగరాజు: మాకేం వద్దండీ. దేవుడిచ్చింది చాలు. పిల్ల మంచిదైతే అదే పదివేలు.

పురుషోత్తమరావు భార్య భ్రమరాంబ మొహం విప్పారుతుంది. పేరయ్య లేస్తాడు.

పేరయ్య: రావుగారూ, కాస్త గాలికి నిలబడదాం రండి.

వంటగది. కాళింది కప్పులు కడుగుతోంది. కిటికీ అవతలే బాల్కనీ. అద్దం మసగ్గా ఉంది, రెండు ఆకారాలు తప్ప మొహాలు తెలియవు. పేరయ్య తన ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి పురుషోత్తమరావు చేతికిస్తాడు. ఆయన నొక్కుతాడు. టక్, టక్... ఏడుసార్లు. ఫోన్ వెనక్కి ఇస్తాడు. పేరయ్య దాన్ని చెరిపేసి తాను నొక్కుతాడు. కాళింది కుళాయి కట్టేస్తుంది. టక్, టక్... ఎనిమిది.

నిశ్శబ్దం. హాల్లోంచి లింగరాజు గొంతు: కాఫీ భలే ఉందమ్మా, ఎవరు పెట్టారు?

సీను ఇంతే. ఏడు నొక్కులంటే లక్షలు, ఎనిమిదోది పడితే కోటి. ఆ లెక్క మనం చెప్పనక్కర్లేదు, చూసేవాళ్ల వేళ్లే మడతపడతాయి. చదివి వినిపించినప్పుడు అదే పిల్లలు ‘ఎనిమిదా!’ అన్నారు. పెద్దవాళ్ల ఫోన్లలో మీట నొక్కితే చప్పుడొస్తుంది, వాళ్లు దాన్ని ఎప్పుడూ ఆపుకోరు. మా ఇంట్లో నన్ను విసిగించే ఆ చప్పుడే ఇక్కడ అక్కరకొచ్చింది. ఇలాంటివి కూర్చుని ఊహిస్తే దొరకవు, ఇంట్లో చెవులు తెరుచుకుని తిరగాలి. ఇంకో సంగతి, క్యాలిక్యులేటర్‌లో చెరిపేసిన అంకెకు సాక్ష్యం ఉండదు. పేరయ్య ఎంత ఆరితేరినవాడో మనకు డైలాగు లేకుండానే తెలిసిపోతుంది.

కెమెరాను నేను వంటగదిలోనే పెట్టాను. బాల్కనీలోకి తీసుకెళ్లాలని చెయ్యి దురద పెడుతుంది, వెళ్లకండి. నాటకంలో ప్రేక్షకుడు అందరినీ ఒకేసారి చూస్తాడు, ఎవరి పక్షాన చూడాలో తనే తేల్చుకుంటాడు. సినిమాలో ఆ పని మనది. కాళిందికి ఎంత వినపడిందో మనకూ అంతే వినపడాలి. అప్పుడే తర్వాత ఆమె తీసుకునే నిర్ణయం మనకు అర్థమవుతుంది.

పురుషోత్తమరావు స్వగతాలను కూడా ఇదే పద్ధతిలో కరిగించాలి. స్వగతం అంటే పాత్ర ఒంటరిగా మనసు విప్పి మాట్లాడటం. తెర మీద దాన్ని యథాతథంగా పెడితే కుర్రాళ్లు నవ్వుతారు, వాయిస్ ఓవర్ పెడితే నిద్రపోతారు. స్వగతంలో ఉన్న ఒక్క క్రియను పట్టుకోండి. ఆయన అక్కడ లెక్కలు వేసుకుంటున్నాడా, దేవుణ్ణి నిలదీస్తున్నాడా, తనను తాను తిట్టుకుంటున్నాడా? లెక్కలు వేసుకుంటుంటే అర్ధరాత్రి బీరువా తెరిచి పొలం కాగితాలు చూస్తున్నట్టు పెడితే సరిపోతుంది.

పద్యాల దగ్గర మాత్రం నాకు కాస్త పక్షపాతముంది. హార్మోనియం శ్రుతి మీద రాగం తీస్తుంటే జనం వన్స్ మోర్ కొట్టిన రోజులు చూసినవాణ్ణి. అయినా చెబుతున్నాను, సినిమాలో ఒక్క పద్యం ఉంచి మిగతావి తీసేయండి. ఆ ఒక్కటీ కథలో మనిషే పాడుకోవాలి. మా వెర్షన్‌లో కాళింది తాతగారు గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తారు, మధ్యలో ఒక పాదం మరిచిపోతారు. కాళింది వంటగదిలోంచి అందిస్తుంది. తాతగారి పాత్ర నాటకంలో లేదు. పద్యం కోసం కల్పించాను. తప్పంటే ఒప్పుకుంటాను, తీయను.

1939లో సి. పుల్లయ్యగారు ఈ నాటకాన్నే సినిమాగా తీశారు. కాళిందిగా భానుమతి, ఆమెకు అదే తొలి సినిమా. కమలగా పుష్పవల్లి, లింగరాజుగా మన గుంటూరు సీమ కవి బలిజేపల్లి లక్ష్మీకాంతంగారు. చూడండి, కానీ మీ సీను రాసుకున్నాకే చూడండి. ముందే చూస్తే బలిజేపల్లివారి లింగరాజు మీ లింగరాజు నోట్లో దూరి కూర్చుంటాడు.

కోర్టు సీను ఇప్పుడే ముట్టుకోకండి. ‘మేం ఇంత పోసి కొన్నాం’ అని కమల ఈ రోజుల్లో బోనులో నిలబడి అంటే ముందు గుండెల్లో రాయి పడేది తండ్రికే, ఇవ్వడమూ నేరమే కదా. నాటకంలో చప్పట్లు కొట్టించిన మాట ఇక్కడ ఇంటివాళ్లకే గుచ్చుకుంటుంది. ఆ చిక్కుముడి నాకు నచ్చింది, ఆరో పాఠంలో విప్పుదాం.

ఈ వారం పని. మీ ఇంట్లోనో బంధువుల్లోనో జరిగిన ఒక సంబంధం మాటలు గుర్తు చేసుకోండి. కట్నం అన్న మాట రాకుండా డబ్బు సంగతి ఎలా దొర్లిందో అయిదు వాక్యాల్లో రాయండి. పేర్లు మార్చండి, లేకపోతే పండక్కి ఇంటికి పోలేరు. తర్వాత దాన్ని ఒక్క పేజీ సీను చేయండి. అంకె పలకకూడదు, చూసేవాడికి మాత్రం తెలియాలి. రాసింది మీకంటే చిన్నవాళ్లెవరికైనా చదివి వినిపించి, వాళ్లు ఎక్కడ ఫోన్ చూసుకున్నారో ఆ లైను పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

వచ్చే పాఠంలో కాళింది. నాటకంలో ఆమె చనిపోతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లలు చూసే సినిమాలో ఆ చావును ఎలా చూపించాలి, అసలు చూపించాలా అన్నది తేల్చుకోవాలి. నేను ఒకసారి ఆమెను బతికించి చూశాను. అక్కణ్నుంచి మూడో సీనుకల్లా కథ కూలబడింది. ఎందుకో ఆలోచించి రండి.