‘ఆడపిల్లలకు లెక్కలు పుట్టుకతోనే రావు’: ఇలాంటి మాటను తూచి చూడటం ఎలా

పదో తరగతి ఫలితాలు రాగానే ఇంట్లో గ్రూపు చర్చ మొదలవుతుంది. అబ్బాయికి ఎంపీసీ, అమ్మాయికి బైపీసీ అని తేల్చేసేటప్పుడు ‘వాళ్ల బుర్రలే వేరు’ అన్న మాట ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. అది పుట్టుకో, పెంపకమో తేల్చడానికి ఒక వరస ఉంది. తేడా ఎంతో చూడకుండానే కారణం వెతకబోతే ఆ వరస మొదట్లోనే తప్పుతుంది.

ముందు మాటను కొలతకు అందేలా మార్చండి. ‘అమ్మాయిలు సున్నితం’ అన్నదాన్ని కొలవలేం. ‘పదిహేనేళ్ల వయసులో ఫలానా పరీక్షలో సగటు మార్కులు’ అంటే కొలవగలం. ఏ వయసు, ఏ పరీక్ష, ఎవరితో పోలిక అన్న మూడూ కాగితం మీద రాసుకోండి.

తర్వాత తేడా పరిమాణం. రెండు సగటుల మధ్య తేడాను ప్రామాణిక విచలనంతో, అంటే మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకెతో, భాగించండి. పదిహేనేళ్ల పిల్లలకు అనేక దేశాల్లో పెట్టే 2022 పీసా పరీక్షల్లో, ఎక్కువగా సంపన్న దేశాలతో కూడిన ఓఈసీడీ కూటమి సగటున లెక్కల్లో అబ్బాయిలు 9 పాయింట్లు ముందున్నారు. చదివి అర్థం చేసుకోవడంలో అమ్మాయిలు 24 పాయింట్లు ముందున్నారు. లెక్కల్లో విచలనం సుమారు 90. 9ని 90తో భాగిస్తే 0.1. చీటీ తీసినట్టు ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ ఎంచుకుంటూ పోతే, 100 జతల్లో 53 చోట్ల అబ్బాయికి, 47 చోట్ల అమ్మాయికి ఎక్కువ మార్కులుంటాయని దాని అర్థం. అంత చిన్న తేడాను పట్టుకుని ఒక పిల్ల గ్రూపు నిర్ణయించడం అన్యాయం. ఇదే లెక్క పెద్దవాళ్ల ఎత్తుకు వేస్తే 1.9 దాకా వస్తుంది. 100 జతల్లో 91 చోట్ల మగవాడే పొడుగు. 0.2 చిన్నది, 0.5 మధ్యస్థం, 0.8 దాటితే పెద్దది అనుకోవడం వాడుక. 2005లో జానెట్ హైడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆడ, మగ తేడాలపై అప్పటికే వచ్చిన 46 సమీక్షలను కలిపి చూస్తే 78 శాతం తేడాలు చిన్నవో, దాదాపు సున్నావో అని తేలింది. పెద్దవిగా మిగిలిన కొద్దివాటిలో బంతి విసిరే వేగం ఒకటి.

తేడా నిజంగానే పెద్దదైతే, అది ఏ వయసులో మొదలైందో చూడండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. చిన్నప్పుడే కనిపిస్తే పుట్టుక, ఆలస్యంగా వస్తే పెంపకం అనుకుంటారు. రెండూ నమ్మదగ్గవి కావు. చేతి పట్టు బలంలో తేడా యుక్తవయసులో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పెరిగాకే బాగా విచ్చుకుంటుంది, అయినా అది చాలావరకు శరీరధర్మమే. మరోవైపు, పెంపకం మాటలు రాకముందే మొదలవుతుంది. 2000లో అమెరికాలో 11 నెలల పిల్లలను ఏటవాలు బల్ల మీద పాకించి, ఎంత వాలు దిగగలరో తల్లులను ముందే అంచనా వేయమన్నారు. ఆడపిల్లల తల్లులు తక్కువ, మగపిల్లల తల్లులు ఎక్కువ చెప్పారు. తీరా పాకించి చూస్తే పిల్లల్లో తేడా లేదు.

చోటు మారితే తేడా మారుతుందా అన్నది దీనికంటే గట్టి పరీక్ష. బొమ్మను మనసులో తిప్పి చూసే పనిలో మగవాళ్ల ఆధిక్యం చాలా దేశాల్లో మధ్యస్థంగా కనిపిస్తుంది. 2011లో వెలువడిన ఒక అధ్యయనం ఈశాన్య భారతంలో పక్కపక్కనే బతికే ఖాసీ, కర్బీ పల్లెల్లో ఇలాంటి నేర్పునే చూసే నాలుగు ముక్కల పజిల్ ఇచ్చి సమయం కొలిచింది. ఆస్తి తండ్రి వైపు నడిచే కర్బీల్లో ఆడవాళ్లకు సుమారు 36 శాతం ఎక్కువ సమయం పట్టింది. ఆస్తి చిన్న కూతురికి దక్కే ఖాసీల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఆ రెండు సమాజాలకూ ఆస్తి పద్ధతి ఒక్కటే తేడా కాదు, కాబట్టి దీన్ని బలమైన సూచనగా తీసుకోండి, తుది తీర్పుగా కాదు.

పుట్టుక పక్షాన కూడా అంతే శ్రద్ధగా వెతకాలి. సుమారు 15,000 జననాల్లో ఒకరికి వచ్చే ఒక అడ్రినల్ గ్రంథి లోపం వల్ల కొందరు ఆడశిశువులు గర్భంలోనే ఎక్కువ ఆండ్రోజెన్‌లకు, అంటే మగ హార్మోన్లకు, గురవుతారు. ఆడపిల్లలుగానే పెరిగినా, వాళ్లలో కార్లు, నిర్మాణ బొమ్మల వైపు మొగ్గు సగటున ఎక్కువ. పెంపకమే సర్వస్వం అనేవాళ్లు దీన్ని దాటవేయకూడదు. ఒకే ఒక్క మనిషి జీవితకథను సాక్ష్యంగా తెచ్చేవాళ్లను మాత్రం, ఏ పక్షమైనా, పక్కన పెట్టండి.

‘60 శాతం పుట్టుక, 40 శాతం పెంపకం’ అని పంచకండి. రెండూ ఎదురెదురుగా కూడా పనిచేస్తాయి. పసితనంలో మగశిశువులే జీవపరంగా బలహీనులు. అయినా 1990ల్లో మన దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ల మధ్య ఆడపిల్లలే ఎక్కువగా చనిపోయారు. తిండిలో, వైద్యంలో చూపిన వివక్ష శరీరం ఇచ్చిన మేలును మింగేసింది.

తరగతిలో తేడా కనిపిస్తే టీచర్లు చేయగలిగింది ఒకటుంది: సాధన ఇచ్చి మళ్లీ కొలవడం. 2007లో టొరంటోలో కొద్దిమంది విద్యార్థులతో పది గంటలు యాక్షన్ వీడియో గేమ్ ఆడించాక, బొమ్మను తిప్పి చూసే పరీక్షలో అమ్మాయిలు ఎక్కువ పుంజుకున్నారు, అంతరం తగ్గింది. మీరు ఘనాలు, కాగితం మడతలు, పటాలతో వారానికి రెండు గంటల చొప్పున ఐదు వారాలు చేయించండి. మొదట పెట్టిన పరీక్షనే యథాతథంగా పెడితే జవాబులు గుర్తుండిపోతాయి. అదే కష్టస్థాయిలో వేరే ప్రశ్నలు సిద్ధం చేసుకోండి. పరీక్షకు ముందు ‘ఇది ఆడ, మగ తేడా చూడటానికి’ అని పిల్లలకు చెప్పకండి.